ఎండలో కనబడేది

బ్రాడీపేట నాలుగో లైన్లో, ఏసీ షాపులో
అన్ని ఫోన్లూ బాగానే వెలిగాయి.
షాపు కుర్రాడు ఒక్కోదాని వీపు
పుచ్చకాయ తట్టినట్టు తట్టి చూపించాడు.
"సెల్ఫీ అదిరిపోద్ది మేడమ్!"

నాక్కావలసింది నా మొహం కాదు.
మిరపకళ్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్ల మీద
నూట ఎనభై ప్రశ్నల సర్వే.
నలభై రెండు మంది కుర్రకారు, నలభై రెండు ఫోన్లు.
ఒక్కోటి తొమ్మిది వేలు దాటిందా,
హైదరాబాద్ ఆఫీసు నుంచి
ఒకే మాటతో మెయిలొస్తుంది:
"ఎందుకు?"

ఆరు ఫోన్లూ ఒక ట్యాబూ
అడిగి తెచ్చుకుని గోనెసంచిలో వేసుకుని
నాగుల్‌మీరా బండెక్కాను.
ప్రత్తిపాడు రోడ్డు. ఏప్రిల్. పన్నెండు గంటలు.
కళ్లం కనబడకముందే
తుమ్ములు ఎదురొచ్చాయి.

మొదటిది పావుగంటకే
తెర మీద థర్మామీటరు బొమ్మ వేసుకుని
జ్వరమొచ్చిన పిల్లాడిలా పడుకుంది.
తడిగుడ్డ చుట్టి
నీళ్లకుండ పక్కన పెట్టాడు నాగుల్‌మీరా.

అన్నిట్లోకీ ఖరీదైనది
ఎండలో తెరిస్తే ప్రశ్న కనబడలేదు,
చెమటతో నా మొహమే కనబడింది.
చెప్పాడుగా, సెల్ఫీ అదిరిపోద్దని.

మూడోదాని మ్యాపు
మమ్మల్ని తీసుకెళ్లి నల్లమడ వాగు మధ్యలో నిలబెట్టింది.
నీళ్లుంటే మునిగేవాళ్లం.

ఇక ట్యాబు.
సంచిలోంచి అది సగం బయటికి రాగానే
పరదా నీడలో కూర్చున్నవాళ్లంతా లేచారు.
ఒకామె ఇంటికి పరిగెత్తి
రేషన్ కార్డు, ఆధారు, పోయిన మొగుడి ఫోటో
పాలిథీన్ కవరులో తెచ్చి నిలబడింది.
"పింఛను కాదమ్మా" అన్నాను.
"మరెందుకే ఇంత పెద్దది?" అంది.
టీవీ ఉందా అని అడిగితే
లేదంది.
వెనక ఆమె ఇంట్లోంచి సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు.
ట్యాబుని మళ్లీ గోనెలోకి తోశాను.
దానికి జవాబు చెప్పేవాళ్లు
నాకు చెప్పరు.

నాలుగోది చార్జింగ్ పెట్టడం మరిచాం.
అది మా తప్పు, ఫోనుది కాదు.

దీవెనమ్మ మాత్రం లేవలేదు.
కాయ తీసుకోవడం, తొడిమ గిల్లడం, కుప్పలో వేయడం,
మాట్లాడుతున్నా చేతులు ఆగవు.
"ఒప్పుకుంటున్నాను" అన్న చోట
మనిషే స్వయంగా వేలు పెట్టాలి, అది రూలు.
పెట్టింది.
తెర కదల్లేదు.
కొంగుకి తుడుచుకుని మళ్లీ పెట్టింది.
ముప్పై ఏళ్ల ఘాటు తిన్న వేలు,
గీతలన్నీ తొడిమలతో పాటే ఊడిపోయాయి.
"బియ్యం మిషనూ ఇంతేనమ్మాయ్,
నేను నేనేనని
నెలకోసారి దానికి చెప్పుకోవాలి" అని నవ్వింది.

ఐదోది ఇటుక లాంటిది. నల్లగా, లావుగా,
షాపువాడు సిగ్గుపడుతూ చూపించింది.
ఆమె ఈసారి వేలు మడిచింది.
కణుపుతో, పక్కింటి తలుపు తట్టినట్టు
తట్టింది.

తెరుచుకుంది.

మిగతావాటి మీదా తట్టమన్నాం. ఆరోది సగం పలికింది.
ఖరీదైనది బొత్తిగా పలకలేదు.

ఆ రాత్రి మెయిల్లో
బ్యాటరీ రాశాను, మెమరీ రాశాను,
ఎండలో అక్షరం కనబడుతుందని రాశాను,
ఒక్కోటి తొమ్మిది వేల నాలుగు వందలని రాశాను.
వాళ్లడగబోయే "ఎందుకు"కి ముందే
"కణుపుకి పలుకుతుంది" అని చేర్చాను.
చెరిపాను.
మళ్లీ రాశాను.

బండెక్కుతుంటే దీవెనమ్మ కేకేసింది:
"ఫోన్లన్నీ చూసుకున్నారు గానీ
నా కూలెంతో అడగలేదేంటే?"
ఇవాళ పరీక్ష ఫోన్లకేనన్నాను.
"సరే" అని
మళ్లీ కాయ అందుకుంది.

ఆ "సరే"ని ఎక్కించడానికి
నూట ఎనభై ప్రశ్నల్లో గడి లేదు.