సరిచూచుట

పోతోసీలో రాత్రిబడి ఏడింటికి.
నాలుగు వేల మీటర్ల ఎత్తున సుద్దముక్కకి కూడా ఆయాసమే.
నల్లబల్ల మీద రాశాను:
ఒక సంచిలో ఇరవైమూడు నాణేలు,
కొన్ని యాభై సెంతావోలవి, కొన్ని ఇరవైవి,
మొత్తం ఏడు బొలివియానోల అరవై.
ఏవి ఎన్ని?

"ఎక్స్ అనుకుందాం" అని వెనక్కి తిరిగేసరికి
మూడో బెంచీలో బసీలియా కోల్కె
శాలువా సర్దుకుంటూ
"పది, పదమూడు" అంది.

ఎలా అన్నాను.
"అన్నీ ఇరవైలే అనుకోండి సారూ. నాలుగు అరవై.
మూడు తక్కువొచ్చింది కదా.
ఒక్కో ఇరవై తీసి యాభై పెడితే ముప్పై కలుస్తుంది.
పదిసార్లు తీసిపెట్టాలి. అంతే."
ఆగి,
"ఇంతకీ ఆ సంచి ఎవరిది?
ఎన్నున్నాయో చూసుకోకుండా మూతి కట్టేసిన మహారాజెవరు?"

పుస్తకంలో సంచులకి సొంతదార్లుండరు.
పుస్తకంలో హువాన్
చేతిలో ఉన్నదాంట్లో మూడోవంతు రొట్టెకి పెడతాడు,
మిగిలినదాంట్లో సగం పాలకి.
ఇంట్లో ఎందరు తినాలో ఎవరూ అడగరు.

ఈ ఊరి కొండ కడుపులోంచే ఒకప్పుడు
లోకమంతటా వెండి గలగలలాడింది.
ఇప్పుడు మా జేబుల్లో చిల్లర సైతం
వేరే దేశంలో అచ్చయి వస్తుంది.
ఈ పక్షం నుంచి ఆ పక్షానికి పోయినదేదైనా
గుర్తు మార్చుకుంటుందని చెప్పాను.
అది మాత్రం ఎవరూ రాసుకోలేదు.

ఇంటిపని: మీ ఇంటి ఖర్చు మీద మీరే ఒక లెక్క కట్టండి.

గురువారం బసీలియా కాగితం. అంచున ఊదా మరక.
బస్టాండు పక్కన ఆపి కాస్తుంది తను,
ఊదా మొక్కజొన్నతో, పొగలు కక్కుతూ.

"మా ఆయన పొద్దున నలభైతో గనికి పోతాడు.
కోకా ఆకుకి పదిహేను.
సిగరెట్లకి మూడు, అందులో ఒకటి
సొరంగంలో కూర్చున్న కొమ్ముల తియో నోట్లోకి.
వ్యానుకి పోనూ రానూ నాలుగు.
రాత్రి కోటు దులిపితే పదమూడు.
మధ్యలో పోయిందెంత?"

కింద, మొదటిసారి, తన చేత్తో ఎక్స్.
ఇరుకు సందులో ఇద్దరు
ఒకరినొకరు తప్పుకుపోతున్నట్టుంది.
ఎక్స్ సమానం ఐదు.

టిక్కు పెట్టాను.
కాగితం తీసుకోలేదు.
"ఐదని నాకు నిరుడే తెలుసు సారూ.
ఐదు దేనికి, అదీ లెక్క."

ఐదుకి ఏమొస్తుందో క్లాసంతా చెప్పింది.
లాటరీ చీటీ అన్నారు, ఫోను రీఛార్జి అన్నారు,
వెనకనుంచి ఎవరో ఒక ఆడపేరు అనబోయి
నాలుక్కరుచుకున్నారు.
ముసలి ఎలుతేరియో టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని
"ఒక గ్లాసు ఆపి, ఒక పాస్తెల్" అన్నాడు మెల్లగా.

పొద్దున్నే తీపి పడదనే మనిషి.
పెళ్లాం బండి దగ్గర పదకొండేళ్లుగా
ఒక్క గుటక ముట్టని మనిషి.

వచ్చిన విలువని తిరిగి సమీకరణంలో పెట్టి చూడాలని
నేనే కదా చెప్పాను.
మర్నాడు తెల్లారకుండానే వెళ్లింది.
గని దారి మలుపులో దొమితిలా బండి.
ఐదు ఇచ్చింది. కూర్చుంది. తాగింది.

"లవంగం ఎక్కువేస్తుంది.
నాదానికంటే బావుంది సారూ, ఉన్నమాట.
మీ ఆయన ఆ మూల కూర్చుంటాడని
అడక్కుండానే చూపించింది."

బల్ల తుడుస్తున్నాను. తను వెళ్లలేదు.
"ఒకే లెక్కకి రెండు జవాబులూ
సరిపోయేవి ఉంటాయా?"

ఉంటాయన్నాను. వర్గ సమీకరణాలు. వచ్చే ఏడు.

"వచ్చే ఏడు ఫీజెంత?"

చెప్పాను.
నలభైలోంచి ఐదు తగ్గించి,
రోజుకి ఐదు చొప్పున
వేళ్లు మడుచుకుంటూ మెట్లు దిగింది.
సగం దారిలో ఆగి
రెండు వేళ్లు మళ్లీ విప్పింది,
లవంగాలకి.