తిరగబడ్డ గాలి

గౌలిగూడ సందులో, మూడో మెట్టు విరిగిన దుకాణం.
లోపల ఎప్పుడూ వార్నిష్ వాసన,
కొంచెం మామిడి సొనలా, కొంచెం మాడిన బెల్లంలా.
గోడకి ఆనుకుని రెక్కలు ఊడదీసిన ఫ్యాన్లు,
ఒక్కోదాని మెడలో ఒక చీటీ:
చాదర్‌ఘాట్, మెల్లగ తిరుగుతది.
ఆజంపురా, తిరుగుతనే లేదు.
టైలర్ షాపు, ఒర్రుతది, అర్జంటు.

యాభై మూడేళ్ళకి నేనిక్కడ పలక పట్టాను.
ఎందుకంటే చెప్పడానికి గొప్ప సంగతేం లేదు.
రిజిస్ట్రారాఫీసులో ముప్ఫయ్యేళ్ళు
ఊరివాళ్ళ ఇళ్ళన్నీ టైపు కొట్టాను.
తూర్పున ఫలానావారి ప్రహరీ, పడమర నడక దారి.
అందులో ఒక్క ఇటుకా నా చేత్తో పెట్టింది కాదు.
అంతే.

ఖలీలుల్లా సాబ్ మొదటి వారం కొత్త తీగ ముట్టనివ్వలేదు.
కాలిపోయిన స్టేటర్ ఒకటి ఒళ్ళో పెట్టి
"ఇప్పమ్మా" అన్నాడు.
నల్లబడ్డ రాగి జడ విప్పినట్టు రాలేదు,
అట్టకట్టిన జడ కత్తిరించినట్టు వచ్చింది.
"ఎట్ల సచ్చిందో తెల్వకుంటె ఎట్ల బతికిస్తవ్?"
అనేసి చాయ్ తాగనీకి పోయాడు.

రెండో వారం కాగితం.
గాడికో మడత.
గోరంత ఎక్కువైతే తీగ పట్టదు,
గోరంత తగ్గితే ఇనుము తీగని కొరుకుతుంది.
నా మడతలు చూసి తౌఫీఖ్ నవ్వాడు,
పదిహేడేళ్ళవాడు, మీసం ఇంకా సగందాకే వచ్చినవాడు.
"టైపు మేడం, లెటర్ పోస్టు చేస్తున్రా?"

ఆ తర్వాత తీగ.
ముప్పయ్యారు గేజీ, ట్రూప్ బజార్లో తూకానికి కొన్నది,
రెండు వెంట్రుకలు కలిపి పేనినంత.
ఒక్కో కాయిల్‌కి మూడొందల ఎనభై చుట్లు.
నేను తెలుగులో లెక్కపెడతాను,
ఆయన ఉర్దూలో, పెదవి కదలకుండా.
నూట నలభై దాకా ఇద్దరం పక్కపక్కనే నడుస్తాం.
అక్కడ అరటిపళ్ళ బండి అరుస్తుంది,
లేదా అఫ్జల్‌గంజ్ బస్సు హారన్ కొడుతుంది,
నా నూట నలభై ఒకటి
నూట డెబ్భై ఒకటై కూర్చుంటుంది.
"నోరు మర్చిపోతదమ్మా. లెక్క ఏలుకు చెప్పు."

మీటల వైపు చూడకుండా
'సదరు ఆస్తి యావత్తు' అని కొట్టిన వేళ్ళివే కదా.
కళ్ళు మూసుకున్నాను.
పిడి ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ
బొటనవేలి కింద తీగ సన్నగా వణికింది.
పూర్తిగా పట్టుబడలేదు.
ఆ రోజు పన్నెండు చుట్లే తేడా వచ్చింది.

నా మొదటి ఫ్యాన్ టైలర్‌ది.
వార్నిష్ తాపి, రాత్రంతా వంద వాట్ల బల్బు కింద ఆరబెట్టి,
పొద్దున్నే కొక్కేనికి తగిలించి స్విచ్ నొక్కాను.
తిరిగింది!
చప్పుడు లేదు, ఊగడం లేదు.
గాలీ లేదు.
పైన ఎన్నేళ్ళదో సాలెగూడు ఊగడం మొదలుపెట్టింది.
తౌఫీఖ్ తలెత్తి చూశాడు.
"మేడం అల్లాకి ఇసురుతున్నది."

కొసలు రెండూ అటుదిటు కలిపాను, అదీ జరిగింది.
సాబ్ నవ్వలేదు.
"నా మొదటిది సందు మొత్తం కరెంటు తీసింది.
అబ్బా వారం దినాలు మాట్లాడలే"
అని టాంకా కాడ నా వైపు జరిపాడు.
వణుకుతూ అతికిన ఆ రెండు చుక్కలు
ఆవగింజల్లా లేవు, శనగల్లా ఉన్నాయి.
గాలి మాత్రం కిందికి దిగింది.

నవంబరులో పింఛనాఫీసుకి పోయాను,
బతికే ఉన్నానని చెప్పుకోవడానికి.
మిషన్ నా బొటనవేలిని ఒప్పుకోలేదు.
మళ్ళీ పెట్టించారు, తుడిచి పెట్టించారు.
గీతల మధ్య వార్నిష్ గట్టిపడి ఉంది.
"ఏం పని చేస్తరమ్మా?" అన్నాడు క్లర్కు.
టైపిస్టునని నోటిదాకా వచ్చింది.
"ఫ్యాన్లు చుడతాను" అన్నాను.
ఎడమచేతి ఉంగరపు వేలు పెడితే
పచ్చ దీపం వెలిగింది.

కాగితం మడుచుకుని లేస్తూ పైకి చూశాను.
మీ ఫ్యాన్‌కి వైండింగు బాగానే ఉంది బాబూ,
పోయింది కెపాసిటరే.