ళ రాసేటప్పుడు

తెల్లారకముందే టీ కొట్టు నాంచారయ్య ఫోను.
"బాజీ, ఆ ఎరుపు నీ రంగేనా?"
పొన్నూరు రోడ్డు మీద నా పాత మోపెడ్
డబ్బాలు లేకుండా మొదటిసారి పరిగెత్తింది.

కాలవ వార పాలెంలో రెండు గదుల ప్రార్థన ఇల్లు.
గుమ్మం పైన పదేళ్ళ కిందట నేనే రాశాను
నాకు రాని అక్షరాలు.
శారమ్మ కొడుకు కాగితం పట్టుకుని నిలబడితే
చూసి చూసి దించాను, కుడి నుంచి ఎడమకి.
"మా మసీదు రాతా ఇటే నడుస్తుంది" అన్నాను.
మజ్జిగ గ్లాసు ఇస్తూ శారమ్మ
"అయితే డబ్బులు తగ్గించు" అంది.

ఇప్పుడు ఆ గుమ్మం పక్కనే, నిలువెత్తున:
యూదుల్లారా వెళ్ళిపోండి.

అందరూ మాట చదివారు.
నేను ళ చదివాను.
బ్రష్ ఎత్తకుండా తోకను పైకి లాగి
గాలిలో వదిలేసిన వంపు.
గుంటూరు చుట్టుపక్కల అట్టా రాసేది ఇద్దరే.
ఒకణ్ణి నేను.
రెండోవాడు మూడేళ్ళు నా దగ్గర డబ్బాలు కడిగాడు.
వాడి పేరు ఇక్కడ రాయను.
గోడకెక్కిన పేరు ఎన్ని వానలకు పోతుందో నాకు తెలుసు.

కిందటి వారం కొట్టు దగ్గర
ఎవడో ఫోనులో వచ్చింది చదివి వినిపించాడు.
ఎక్కడెక్కడి పాపమో తెచ్చి
మిరపచేలో కూలికి పోయే వీళ్ళ నెత్తిన పెట్టిన మాటలు.
నేను నవ్వాను.
గట్టిగా కాదు,
పక్కవాడితో పేచీ లేకుండా టీ తాగడానికి
ఎంత నవ్వాలో అంత.
వాడు నా పక్కనే ఉన్నాడు. నా మొహం చూశాడు.
ళ ఒక్కటేనా నేను నేర్పింది?

పాస్టరు దయానందం నిచ్చెన మోసుకొచ్చాడు,
ఒక మెట్టు లేదు దానికి.
యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళు
ఆ పూట కూలి వదులుకుని ఆటో దిగారు,
చేతుల మంట కొంగుకు తుడుచుకుంటూ.
రామాలయం కమిటీ వెంకటసుబ్బయ్య సున్నం బస్తా పంపాడు, తను రాలేదు.
మధ్యాహ్నానికి వచ్చాడు.
ఆలస్యమెందుకని ఎవరూ అడగలేదు.
మా జమాతు పెద్ద హుస్సేన్‌సా నా చెవిలో అన్నాడు:
"ఎక్కడో బాంబులు పడుతున్నాయని నాకూ కడుపు మండుతోందిరా.
మధ్యలో శారమ్మ ఏం చేసింది?"

సున్నం కలుపుతుంటే ఆమే ఆపింది.
"ఆగండి. ముందు నన్ను చదవనీండి."
కళ్ళజోడు తెచ్చుకుంది.
రాత్రిబడిలో నేర్చిన చదువు, కూడబలుక్కుంటూ:
వె... ళ్ళి... పోం... డి.
"ఎక్కడికంట?
ఈ కాలవ తవ్విన తట్టల్లో మా తాతదొకటి.
టిక్కెట్టు ఏ ఊరికి కొట్టాలో అదీ రాయాల్సింది."
కొందరికి నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

మూడు పూతలు వేశాం.
ఎన్నికల కోసం, ఐదేళ్ళు నిలవాలని
నేను నూనె పోసి కలిపిన ఎరుపు అది.
సున్నం కింద నుంచి గులాబీగా ఊరుతూనే ఉంది.
"రేపు ఇంకో పూత" అంది తొడిమల రూతమ్మ,
"మిరపకన్నా సున్నమే నయం, చేతులకి."
అప్పుడు చెప్పాను, కొట్టు దగ్గర నవ్విన సంగతి,
నిచ్చెన మీద నుంచే, గోడ వైపు తిరిగి.
కింద ఎవరూ మాట్లాడలేదు.
ఎవరో బకెట్ అందించారు.

శుక్రవారానికి గోడ ఆరింది.
"ఖాళీగా ఉంటే మళ్ళీ ఎవడో రాస్తాడు" అంది శారమ్మ,
"నువ్వే రాయి."
ఏం రాయను?
గోడ వారన చేలకు పోయేవాళ్ళ కోసం పెట్టిన కుండ చూపించింది.
"నీళ్ళు తాగి వెళ్ళండి."

నీలం రంగు కలిపాను.
బోరింగు దగ్గర వాడు నిలబడి ఉన్నాడు,
చేతిలో బిందె, నీళ్ళకో మరి దేనికో.
నీళ్ళు తాగి, అని రాశాను,
వె, అని రాశాను.
ఒక అక్షరానికి చోటు వదిలి
బ్రష్‌ను డబ్బా మీద అడ్డంగా పెట్టి
నిచ్చెన దిగాను.

లోపల శారమ్మ దీపాలు వెలిగిస్తోంది.
బోరింగు చప్పుడు ఆగింది.