తరుగు

ఎసట్ల పొయ్యకముందు
మా అమ్మ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాల పోసేది.
పూటకొక పిడికెడు.
పాత డాల్డా డబ్బా, చెట్టు బొమ్మ సగం మాసిపోయింది.
అది దేవునిది, ముట్టద్దు అనేది.
మేం గంజి తాగి పండుకున్న రాత్రి కూడ
అందుల బియ్యం ఉండేటియి.

ఆదివారం ఆ బియ్యం
పరకాల తొవ్వల ఉన్న రేకుల మందిరానికి పోయేటియి.
వేలంల అమ్ముడుపోయి
డిసెంబర్‌ల దుప్పటయి వచ్చేటియి.
మా బియ్యమే మాకు దుప్పటి.
ఎర్రగీతల దుప్పట్లు, నేను వరుసల నిలబడి
ఆరేండ్లల్ల ఆరు తెచ్చిన.
ప్రతిసారి నా ముంగట సొలొమోను వాళ్ల తాత,
నా వెనుక బూదమ్మ.
ఎవరన్న చచ్చిపోయిన ఏడు
ఒక అడుగు ముందుకు జరిగేటోళ్లం,
అంతే.

ఏడో ఏడు దెబోరమ్మ లేచి నిలబడ్డది.
బియ్యం కొలిచే మనిషి, మాట్లాడే మనిషి కాదు.
పాస్టరు ఇంక ఆమేన్ కూడ అనలే.
"అయ్యా, ఏటేటా దుప్పటి కప్పుతున్నం గని
చలి ఏ సందులకెళ్లి వస్తున్నదో
ఎవరన్న చూసినమా?"
ఎవరో దగ్గిన్రు.
పాస్టరు పుస్తకం మూసి, మళ్ల తెరిచి,
మళ్ల మూసిండు.

ఆ ఏడు దుప్పట్లు రాలే.
హన్మకొండకెళ్లి ఆటోల ఒక ఇనుప కాంటా వచ్చింది,
సర్కారు ముద్ర కొట్టిన కాంటా.
కానుకల పెట్టె పక్కన దించిన్రు.
దేవుని ఇంట్ల ఇనుమేంది అన్నడు యోనా.
ఆయన పత్తి మిల్లుల హమాలీ,
ఆయన కూలి సావుకారి జేబుల ఉన్నది,
ఆయన్ని అనేదేం లేదు.

మొదలు పిల్లల్ని జోకిన్రు.
నాకు పదేండ్లు, ఇరవై కిలోలు.
ఎనిమిది తక్కువున్నది అన్నది నర్సమ్మ.
తక్కువంటే ఎవరు తీసుకున్నట్టు అని
నేను అడగలే, అప్పుడు తెల్వదు.

తర్వాత మా నాయిన వచ్చిండు, మొగిలయ్య.
ఆయన మందిరానికి వచ్చే మనిషి కాదు.
మేడారంల సమ్మక్కకు
తన ఎత్తు బంగారం, బెల్లం, జోకిచ్చిన మనిషి.
తూకం ముంగట అబద్ధం నిలువదని నమ్మేటోడు.
చెప్పులు బయట విడిచి
నెత్తి మీది పత్తి బోరెం దించిండు.
సావుకారి కాంటా నలభై ఆరు చెప్పిన బోరెం.
అమ్మకుండ తిరిగి తెచ్చిండు.

నలభై ఎనిమిది.

తరుగని చెప్పి తీసేది వేరే,
అది మాకు తెలుసు.
ఇది చెప్పకుండ పోయేది.

దెబోరమ్మ చాక్‌పీసు నా చేతిల పెట్టింది.
గోడ మీద లెక్క నేనే చేసిన.
క్వింటాలుకు నాలుగు కిలోలు.
ఏటికి ఇరవై క్వింటాళ్లు.
పదకొండు ఏండ్లు.
ఎనిమిది వందల ఎనభై కిలోలు,
పైసలల్ల నలభై నాలుగు వేలు.
నాయిన గోడను చానసేపు చూసిండు.
బోరు కోసం సావుకారి దగ్గర తెచ్చిన తొలి అప్పు
నలభై వేలు.
మా పత్తినే మాకు అప్పిచ్చి
మిత్తి వసూలు చేసిండు.
ఆనాడు మందిరంల
ఎవరూ పాట ఎత్తుకోలే.

తెల్లారి ఏం మారలే.
మా తూకం చిట్టీ చూసి సావుకారి
"దేవుడు సంతకం పెట్టిండా?" అని నవ్విండు.
రెండు వారాలు మా పత్తి కొనలే.
నలభై ఇండ్లోళ్లు చిట్టీలు పట్టుకొని
వరుసగ నిలబడితే, మూడో వారం
ముల్లు సరిజేసుకున్నడు.
అమ్మిన ఎకరం మాత్రం
ఇంకా వేరేటోళ్ల పేరు మీదనే ఉన్నది.

ఈ డిసెంబర్ దుప్పట్ల వరుసల
పదకొండు మంది.
బూదమ్మ ఉన్నది.
ఆమెకు జోకనీకి గుంటెడు భూమి లేదు,
ఆమె చలికి కాంటా దగ్గర జవాబు లేదు.
దెబోరమ్మ ఆమె పక్కన కూసొని
గోడ మీద ఖాళీ జాగను చూస్తున్నది.

మొన్న పొద్దుగూకినంక
ఎవరూ లేరనుకొని మా నాయిన
చెప్పులు విడిచి కాంటా ఎక్కిండు.
చేతులు ముడుచుకొని నిలబడ్డడు.
ముల్లు ఊగి, ఊగి,
ఆగిందాక కదలలే.