దండోరా

నైరోబీ తూర్పున ఒక చెత్తకొండ ఉంది.
దాని పేరు దండోరా.
నా భాషలో ఆ మాటకి వేరే అర్థం ఉంది,
అక్కడెవరికీ ఆ సంగతి తెలీదు.

కెరూబో పదకొండేళ్లప్పుడు ఎక్కింది దాన్ని.
అక్షరాలు కవర్ల మీద నేర్చుకుంది.
ఏది కిలో ఎంతో వేలితో నొక్కి చెబుతుంది,
ఏది కాలుతోందో కళ్లు మూసుకుని చెబుతుంది.
మారబూ కొంగలు పక్కనే నిలబడతాయి
పింఛను కోసం వచ్చిన ముసలి గుమాస్తాల్లా.

ఇప్పుడామె జెనీవాలో ఉంది.
అరువు ఉన్నికోటు,
మెడలో బ్యాడ్జీ. అదీ ప్లాస్టిక్కే.
వెనక వరసలో, పరిశీలకుల కుర్చీలో.

ముందు తెర మీద ఒప్పందం ముసాయిదా కదులుతోంది.
కుదరని ప్రతి మాటనీ బ్రాకెట్లలో పెడుతున్నారు.
“ఉత్పత్తి” బ్రాకెట్లలో.
“తగ్గించాలి” బ్రాకెట్లలో,
ఆ పక్కనే ఇంకో జతలో “తగ్గించవచ్చు”.
“ఆరోగ్యం” అన్న మాటకి ఒకదాని మీద ఒకటి రెండు జతలు,
చలికి పసిపిల్లకి తొడిగిన స్వెట్టర్లలా.
ఒక దేశం కామా అడిగింది.
ఇంకో దేశం, ఆ కామా గురించి
రాజధానికి ఫోన్ చేసి చెబుతామంది.

కెరూబోకి నవ్వొచ్చింది.
కొండమీదా ఇంతే: ఏరడం, విడదీయడం, కుప్పలు పెట్టడం.
కాకపోతే అక్కడ పొద్దుగూకేసరికి తూకం ఉంటుంది.

తెల్లవారుజాము మూడింటికి
పరిశీలకులకి రెండేసి నిమిషాలన్నారు.
అద్దాల గదిలో బస్సామ్ హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు,
ఇరవై రెండేళ్లుగా మాటల్ని అరబ్బీలోకి మోస్తున్నవాడు,
ఒక్కటీ కింద పడనివ్వడని పేరు.

“అధ్యక్షా” అంది కెరూబో.
తర్వాత దగ్గు.

గొంతులోది కాదు.
లోపలెవరో తడిసిన గోనెసంచి ఈడుస్తున్నట్టు,
పద్దెనిమిదేళ్ల పొగ, రాగి కోసం కాల్చిన తీగల తొడుగులు,
ఎవరో తాగి పారేసిన నీళ్లసీసాలు, ఎవరివో సిరంజీలు,
అన్నీ ఒక్కసారే కొండ దిగుతున్నట్టు.
ఆగుతుందనుకున్నారు.
ఆరు గదుల్లో ఆరు భాషలు నోరు తెరుచుకుని ఉండిపోయాయి.

అనువాదకుల బల్ల మీద ఒక మీట ఉంటుంది.
వాళ్లకి దగ్గొస్తే, సభకి వినబడకుండా నొక్కుకోవడానికి.
దాన్ని దగ్గు మీట అనే అంటారు.
కెరూబో ముందు అలాంటిది లేదు.
బస్సామ్ వేలు దాని మీదకి వెళ్లింది
అలవాటుగా.
నొక్కలేదు.
ఏమీ చెప్పనూ లేదు.
అరబ్బీలో వింటున్నవాళ్లకి తన ఊపిరి వినబడింది,
దాని వెనక, అద్దం అవతల నుంచి,
ఆ దగ్గు.

రెండు నిమిషాలైపోయాయి.
అధ్యక్షుడు ధన్యవాదాలు చెప్పాడు.
ఎవరో నీళ్లు తెచ్చారు, గాజు గ్లాసులో,
ఎంచి తెచ్చినట్టున్నారు.
కామా మీద చర్చ మళ్లీ మొదలైంది.

దండోరా అంటే నా భాషలో
ఊరంతా చేతిలో పని ఆపి వినాల్సిన కబురు.
విన్నాక ఏం చెయ్యాలన్నది
ఆ మాటలో లేదు.