చివరి వచనం

ఫింటాసులో మా ఇంటివాళ్ళ మూడో అంతస్తు నుంచి
బట్టలారేసే తీగ వెనకాల సముద్రం కనబడుతుంది.
మా ఇంటివాళ్ళంటే నావాళ్ళు కాదు,
అకామాలో నా పేరు పక్కన రాసున్నవాళ్ళు.

కువైట్‌లో ఆరాధన శుక్రవారం.
చుట్టాలొచ్చేదీ శుక్రవారమే.
ఇరవై మందికి మచ్‌బూస్ వండి, గిన్నెలు తోమేసరికి
సిటీలో గుడి ముగిసి మనవాళ్ళు బస్సులెక్కేస్తారు.
సుగుణమణి ఫోన్‌కి వాక్యం పంపుతుంది,
చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపుతాను.
కానుకా అదే, ఆమెనూ అదే.

కాబట్టి నా గుడి వాషింగ్ మెషిను గదిలో.
బైబిలు సబ్బుపొడి డబ్బాల వెనక.
కీర్తనలు తెరిస్తే ముందు నురగ వాసనొస్తుంది.
తొంభై ఒకటి దగ్గర కాగితం పలచబడింది,
మా అమ్మ వేలు రాసీ రాసీ.
ఇరవై మూడు చూడకుండా వచ్చు.
కొండల కీర్తనకి ఇక్కడ కొండ లేదు,
దూరాన నూనె కంపెనీ మంట ఒకటుంది,
దాని తట్టే కన్నులెత్తుతాను.

ఈ ఇంటి ముసలావిడ బస్రా నుంచి కోడలిగా వచ్చింది.
సాయంత్రం కాళ్ళు పిసుకుతుంటే
ఉత్తరానికి గడ్డం చూపించి "ఫరాత్" అంటుంది.
ఆ నీళ్ళ తీపి, ఆ ఖర్జూరాలు,
పడవలో వచ్చిన తన పెళ్ళిపెట్టెలు.
నాకు సగమే అర్థమవుతుంది.
ఫరాత్ అంటే యూఫ్రటీసని తెలియడానికి
ఏడాది పట్టింది.

ఆ రాత్రి కుళాయి తిప్పి అలాగే నిలబడిపోయాను.
బబులోను నది చివరికి కలిసేది ఈ సముద్రంలోనేనట.
దీన్నే కాచి, ఉప్పు తీసి, గొట్టాల్లో పంపుతారట.
అంటే నాలుగేళ్ళుగా
ఆ నదిలోనే గిన్నెలు కడుగుతున్నాను,
కూర్చుని ఏడవడానికి ఒడ్డే దొరకలేదు.

మొన్న మా యెమీమా ఫోన్లో
నూట ముప్పై ఏడు అప్పజెప్పింది,
సండే స్కూల్లో పోటీ అట.
నిరవంజి చెట్లు, సితారాలు, గుక్క తిప్పుకోలేదు.
(నిరవంజి ఏ చెట్టో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.)
ఆరో వచనం దగ్గర ఆగింది.
"టీచరుగారు ఇంతవరకే చెప్పారమ్మా. తర్వాతేముంది?"
"పెద్దయ్యాక చదువుదువుగాని" అన్నాను.
పెద్దయ్యాక నేనూ చదవలేదు,
అక్కడికొచ్చేసరికి పేజీ తిప్పేస్తాను.

పాడమని ఇక్కడ నన్నూ అడుగుతారు.
అడిగేది పదిహేను నెలల దలాల్.
పళ్ళొస్తున్నాయి, ఒళ్ళు కాలిపోతుంది.
"దాదా, దాదా" అని మెడ పట్టుకుంటే
పరదేశంలో ఎట్లా పాడను అని
దానితో ఎట్లా అంటాను?
ఆగస్టు ఎండలో క్రిస్మస్ పాట పాడతాను.
నా భుజమంతా చొంగ.

మూడు నెలలుగా జీతం రేపంటున్నారు.
పాస్‌పోర్టు మామా బీరువాలో, గొలుసుల పెట్టె కింద.
పగిలిన కప్పుకి నా చెంప సమాధానం చెప్పింది.
అందుకని ఆ చివరి మాట రాసినవాడెవరో
అతని మీద నాకు కోపం లేదు.
అతనికీ ఎవరో రేపు రేపని ఉంటారు.
అతని పిల్లల్ని ఎవరేం చేశారో.

నిన్న రాత్రి మళ్ళీ జ్వరం. మెషిను తిరుగుతోంది.
భుజం మీద దలాల్, ఒళ్ళో పుస్తకం.
ఏడు. ఎనిమిది.
పసిపిల్లలు, బండ,
ఆ రెండు మాటలూ ఒక్క వరసలో కనబడగానే
నా చెయ్యి దాని తల వెనక్కి దానంతటదే వెళ్ళింది.

దాని ఒక చెవి నా మెడకి ఆనుకునే ఉంది.
రెండోదాన్ని అరచేత్తో మూశాను.
మూసి, మెల్లిగా, మొత్తం చదివాను
ఆయనకి వినబడేలా.
ఆయన పుస్తకంలో ఉన్నది ఆయనే వినాలి.
నా చెంపా, మూడు నెలల జీతమూ
అందులోనే కలిపి చదివాను.

ఆమెన్ అనలేదు.
మెషిను నీళ్ళు వదిలేసి, ఒకసారి ఒణికి, ఆగింది.
దలాల్ నుదురు చూశాను. చల్లబడింది.
చెవి మీంచి చెయ్యి తియ్యడానికి
ఇంకాసేపు పట్టింది.