కొలతముక్క

చొక్కా జేబులో ఉన్నది పెట్రోలు పంపు పొర.
ఆరు చిల్లులు, నడుమ చిన్న చీలిక.
ఇది ఊపిరి పీల్చడం మానేశాక
డెబ్బై ఎనిమిది నాటి పద్మిని
బలగ రోడ్డులో, చెరకురసం బండి పక్కన
పదకొండు రోజులుగా నిలబడి ఉంది.
రసం తీసే దుప్పల నారమ్మ
దాని బానెట్ మీద పిప్పి ఆరేస్తోంది.
అద్దె అడగబుద్ధి కాలేదు.

ఏడు రోడ్ల కూడలిలో ఏడు రోడ్లూ తిరిగాను.
మొదటి కొట్టు కుర్రాడు
పొరని వెలుతురుకి పట్టి చూసి
"ఏటిది బావూ, కుక్కర్ వాసరా?" అన్నాడు.
రెండో కొట్టులో కంప్యూటర్ని అడిగారు.
అది చాలాసేపు ఆలోచించి
ఏదో కొత్త కారు తలుపు బీడింగు చూపించింది.
మూడు వేల రెండొందలు,
రేపు సాయంత్రానికల్లా తెప్పిస్తారట.

మూడోవాడు సలహా చెప్పాడు:
"అమ్మీ."
తూకానికి ఎంతొస్తుందో నోటిలెక్క కట్టి
పాతసామాను వాడి నంబరు
చీటీ మీద రాసి, మడిచి మరీ ఇచ్చాడు.
మర్యాదస్తుడు.

పాత వంతెన దిగి ఎడం పక్క సందులో
ఇప్పిలి సూరన్న కొట్టు.
బోర్డు మీద "ఆటో" మిగిలింది, మిగతా అక్షరాలు వానలు తినేశాయి.
ముందు సగంలో కోడలు మొబైల్ కవర్లు అమ్ముతోంది.
వెనక సగంలో స్టూలు మీద ఆయన,
కళ్ళల్లో పాలు విరిగినట్టు శుక్లాలు.

పొర చేతిలో పెట్టాను.
ఉడికిందో లేదో మెతుకు నొక్కి చూసినట్టు
అంచు పొడవునా నొక్కుకుంటూ పోయాడు.
"పద్మిని.
బొంబాయి సరుకైతే అంచు పలచన.
ఇది మద్రాసుది. ముతక."

"ఉందా?"
"నేదు."

ఎంత హాయిగా ఉందో ఆ నేదు!
పొద్దుట్నుంచీ విన్న లేదులన్నీ
తెలియక లేదన్నవి.

అయినా లేచి సొరుగులు లాగాడు.
ఒక్కోదాని మీద ఆయన చేతిరాత:
హెరాల్డు. ల్యాండ్‌మాస్టర్. పద్మిని పెద్దది. పద్మిని చిన్నది.
లోపల రంగురంగుల మొబైల్ కవర్లు.
"దీన్ల కూడా పెట్టీసినావేటే?" అని కోడల్ని కేకేశాడు.
ఆమె బేరంలో ఉంది, పలకలేదు.

కాంప్లెక్స్ దగ్గర చెప్పులు కుట్టే గవరయ్య దగ్గరికి పంపాడు.
ఏ కానిస్టేబులో ఒగ్గేసిన రెయిన్‌కోటు
రెండు పొరలు వేసి, మీద నా పొర పెట్టి
సుద్దతో చుట్టూ గీసి కత్తిరించాడు గవరయ్య.
ఆరతో ఆరు చిల్లులు.
"చెప్పుకైతే పది. కారుకి గావట్టి ముప్పై."

బండి స్టార్టయింది!
పిప్పి రోడ్డంతా పరుచుకుంది. నారమ్మ నన్నూ
నా ముందు మూడు తరాల్నీ తిట్టింది.
నాకు వినబడలేదు, ఇంజను వినబడుతోంది.

సింగుపురం దాకా వెళ్ళింది.
వానకి తడవని గుడ్డ పెట్రోలుకి తడిసి
అప్పడంలా ఉబ్బింది.

బస్సెక్కి మళ్ళీ సూరన్న దగ్గరికే.
"గవరయ్యది పోయిందా? పోద్ది.
నీ పాతది నాకాడ ఉంచీ."
"చిరిగిపోయింది గదండీ."
"కొలత చిరగలేదు గదా. రేపు ఇంకోడొస్తే
ఏటి సూపించమంటావు?"

గోడకి ఒక మేకు. దానికి ఇనప తీగ.
తీగకి గుచ్చి సగం డోర్ హేండిలు,
పళ్ళు రాలిన చిన్న గేరు, ఏదో మూత.
ఒక్కోదానికీ చీటీ దారంతో కట్టి ఉంది:
తవిటినాయుడు, పొందూరు.
గొర్లె భద్రయ్య, మళ్ళీ వస్తానన్నాడు.
ఇంకో చీటీ మీద సిరా వెలిసిపోయింది.
నా పేరు కోడలి చేత రాయించాడు.

వచ్చేస్తూ ఊరికే అడిగాను,
ఉత్త చేతులతో కొట్టు దిగబుద్ధి కాక,
నా ఫోనుకి కవరుందా అని.
ఆమె ఫోను అటూ ఇటూ తిప్పి చూసింది.
"మొన్నటిదాకా వచ్చేవండీ" అంది.
లోపల స్టూలు మీంచి
సూరన్న దగ్గో, నవ్వో, తేల్చుకోలేకపోయాను.